పూర్వ ప్రాథమిక దశలో ఆలోచన, చలనం, తొలి పఠనం: మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల ఉదాహరణలతో

పరిచయం

గత పాఠంలో వికాస సూత్రాలను చదివారు. వికాసం తల నుంచి పాదాల వైపు సాగుతుందని, దానిని శిరఃపాదాభిముఖ వికాసం అంటారని, అలాగే దేహ మధ్యభాగం నుంచి వేళ్ల చివరల వైపు సాగే దానిని సమీప దూరస్థ వికాసం అంటారని తెలుసుకున్నారు. మూడేళ్ల పిల్లవాడి చేతిలో బలపం పెట్టే రోజున ఈ సూత్రాలు మనకు ఏమి చెబుతాయో ఈ పాఠంలో చూద్దాం.

ఉదాహరణలను ఒకే ప్రాంతం నుంచి తీసుకుంటున్నాం. సికింద్రాబాదు నుంచి ఉత్తరానికి రెండు పెద్ద దారులు పోతాయి. బోయినపల్లి, కొంపల్లి మీదుగా నాగపూర్ వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్ ఉంది. అల్వాల్, తూంకుంట మీదుగా కరీంనగర్ వైపు వెళ్లే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉంది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో రెండూ మండల కేంద్రాలే. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు, వాటికి కాస్త దూరంలో కూరగాయల మళ్లు, కోళ్ల ఫారాలు, బాహ్య వలయ రహదారి పక్కన గోదాములు, కొత్త వెంచర్లు ఇక్కడ కలిసే కనిపిస్తాయి. అందువల్ల ఒకే వీధిలో మూడు నాలుగు రకాల బాల్యాలు ఉంటాయి. ఊరి రైతు మనవరాలు, అపార్టుమెంటులో ఉండే ఉద్యోగి కొడుకు, ఒడిశా నుంచో బీహారు నుంచో పనికి వచ్చిన కూలీ బిడ్డ ఒకే కిరాణా దుకాణం ముందు నిలబడతారు.

ఈ ప్రాంతపు అంగన్‌వాడీ టీచర్‌కు జూన్ వచ్చిందంటే ఒక ప్రశ్న ఎదురవుతుంది. మీలో కొందరు ఇప్పటికే ఆ పనిలో ఉన్నారు కనుక విని ఉంటారు. “పక్క బడిల ఎల్‌కేజీ పిల్లలు ఏబీసీడీలు రాస్తున్నరు. మా పిలగాడు మీ తాన ఆడుకుంట, పాడుకుంటనే ఉన్నడు. ఏం రాపిస్తలేరేంది టీచరమ్మా?”

ఆ తల్లి అడగడంలో తప్పులేదు. బిడ్డ చదువు సాగుతోందా లేదా అని తెలుసుకోవడానికి ఆమెకు దొరికే కొలబద్ద నోటుపుస్తకం ఒక్కటే. దానికి సరైన జవాబు రాకపోతే ఆ పిల్లవాడు కేంద్రం మానేస్తాడు. లేకపోతే టీచరే జంకి, మూడేళ్లవాళ్ల ముందు నాలుగు గీతల కాపీ పుస్తకం పెడుతుంది. ఈ పాఠం పూర్తయ్యేసరికి ఆ తల్లికి మీ సొంత మాటల్లో జవాబు చెప్పగలగాలి. మిగిలిన విషయమంతా దానికోసమే.

విధానాల సంగతి క్లుప్తంగా గుర్తు చేసుకుందాం. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. అంగన్‌వాడీలు దాని చేతులు. మెదడు వికాసంలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం పేర్కొని, మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూసింది. మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవగలగాలన్న లక్ష్యంతో 2021 జులైలో నిపుణ్ భారత్ వచ్చింది. 2022లో తెలంగాణ ప్రాథమిక పాఠశాలల్లో తొలిమెట్టు మొదలైంది. వీటిలో గడువు ఎక్కడుందో గమనించండి. మూడో తరగతి చివర. ఎల్‌కేజీ చివర అని ఏ పత్రమూ చెప్పలేదు.

ఆలోచన: ఇటుక బస్సు అయిన రోజు

జీన్ పియాజే తన ముగ్గురు పిల్లలను ఏళ్ల తరబడి దగ్గరుండి గమనించి, ఆ గమనింపుల మీదే తన సిద్ధాంతాన్ని చాలావరకు నిర్మించాడు. పుట్టుక నుంచి సుమారు రెండేళ్ల వరకు ఉండేది ఇంద్రియ చాలక దశ. ఈ దశలో బిడ్డ చూసి, పట్టుకుని, నోట్లో పెట్టుకుని, విసిరి ఆలోచిస్తుంది. అయిదు నెలల పాప ఆడుకుంటున్న చెంచాను కొంగు కింద దాస్తే ఆమె దాని కోసం వెతకదు. ఏడాదికి దగ్గరపడిన పాప కొంగు లాగి తీసుకుంటుంది. కంటికి కనిపించకపోయినా వస్తువు ఉంటుందన్న ఈ ఎరుకను వస్తు స్థిరత్వ భావన అంటాం. మన ఇళ్లలో అమ్మమ్మలు ఆడించే దోబూచులాట ఈ భావనకు సాధన.

రెండు నుంచి ఏడేళ్ల వరకు పూర్వ ప్రచాలక దశ. ఈ దశలో పుట్టే ముఖ్యమైన శక్తి ప్రతీకాత్మక ఆలోచన. నాలుగేళ్ల పిల్లవాడు సగం ఇటుకను మట్టిలో తోస్తూ “సుచిత్ర, కొంపల్లి, మేడ్చల్” అని కండక్టరులా అరుస్తాడు. అది ఇటుకని అతనికి తెలుసు, అయినా దానిని బస్సుగా నడుపుతున్నాడు. ఒక వస్తువు మరొక దానికి బదులుగా నిలబడగలదన్న ఈ గ్రహింపు చదువుకు మూలం. ‘మ’ అన్న రూపంలో మకారపు శబ్దం ఏమీ లేదు. అది కాగితం మీద ఒక వంకర గీత. ఆ గీత ఒక ధ్వనికి బదులుగా నిలుస్తుందని మనమంతా ఒప్పుకున్నాం. ఇటుకను బస్సుగా నడిపిన పిల్లవాడికి ఈ ఒప్పందం కొత్తగా అనిపించదు. కాబట్టి ఉత్తుత్తి ఆటలు, అంటే బొమ్మరిల్లు, దుకాణం ఆట, డాక్టరు ఆట, చదువుకు ముందు కాలక్షేపాలని అనుకోవద్దు. చదువు మొదలయ్యేది అక్కడే.

ఇదే దశలో పిల్లల ఆలోచనకు కొన్ని పరిమితులు ఉంటాయి. అయిదు చింతగింజలు ఒక వరుసలో, మరో అయిదు దాని కింద వరుసలో సమానంగా పేర్చి చూపండి. తరువాత కింది వరుసను ఎడంగా జరిపి, ఎందులో ఎక్కువ ఉన్నాయని అడగండి. నాలుగేళ్లవాళ్లు చాలామంది పొడుగ్గా ఉన్న వరుసను చూపుతారు. ఏదో ఒక్క అంశం మీదే దృష్టి నిలిచిపోవడం వల్ల ఇలా జరుగుతుందని, పదిలపరచుకునే భావన ఇంకా ఏర్పడలేదని పియాజే అన్నాడు. అయితే పరీక్షల కోసం దీనిని కంఠస్థం చేసేవారు తరువాతి కథను మరిచిపోతుంటారు. 1970లలో స్కాట్లాండులో మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ ఇదే ప్రయోగంలో చిన్న మార్పు చేశారు. వరుసను పెద్దవాళ్లు జరపకుండా ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు ఆడారు. అప్పుడు సరిగా చెప్పిన పిల్లలు చాలా ఎక్కువయ్యారు. పెద్దవాళ్లు కావాలని జరిపి మళ్లీ అదే ప్రశ్న వేస్తే, తన మొదటి జవాబు తప్పేమోనని పిల్లవాడు అనుకుంటాడు. ఇందులో టీచర్‌కు పనికివచ్చే సంగతి ఏమిటంటే, పిల్లవాడికి తెలియకపోవడం వేరు, మన ప్రశ్న వాడికి అర్థం కాకపోవడం వేరు.

వైగోట్స్కీ చూపు మరో వైపు ఉంది. బిడ్డ ఒంటరిగా చేయగలిగిన దానికి, తెలిసినవారి సాయంతో చేయగలిగిన దానికి మధ్య ఉన్న జాగాను సామీప్య వికాస మండలం అన్నాడు. అంగన్‌వాడీలో మధ్యాహ్నం పళ్లేలు పరిచే వేళ దీనికి మంచి సమయం. నాలుగేళ్ల పాపకు పళ్లేలు ఇచ్చి, “ఒక్కొక్కరికి ఒకటి పెట్టు తల్లీ” అనండి. ఆమె పెడుతుంది. తరువాత, “గుడ్లు ఎన్ని తేవాలె?” అని అడగండి. మొదట ఆమె దిక్కులు చూస్తుంది. “పళ్లేలు లెక్కపెట్టి చూద్దామా?” అని ఊతమిస్తే లెక్కపెట్టి చెబుతుంది. పది రోజుల తరువాత ఆ మాట మీరు అనకుండానే పళ్లేలు లెక్కపెడుతుంది. ఒకటి నుంచి వంద దాకా గడగడా అప్పజెప్పే పిల్లలు ఈ పనిలో తడబడటం మీరు చూస్తారు. అప్పజెప్పడంలో నోటికి తప్ప మిగతా వాటికి పని ఉండదు.

వర్గీకరణకు, క్రమానికి మన దగ్గర బతుకమ్మను మించిన పాఠం లేదు. తంగేడు, గునుగు, బంతి పూలను వేరుచేయడం, కాడలు సమంగా తుంచడం, తాంబాళంలో అడుగున పెద్ద వలయం, పైకి పోయేకొద్దీ చిన్న వలయం పేర్చడం, రంగు తరువాత రంగు రావడం. వేరుచేయడం, జత కూర్చడం, వరుస, నమూనా అనే నాలుగు గణిత భావనలూ ఒక్క సాయంత్రంలో వస్తాయి. అయితే పేర్చే పనిలో బిడ్డ చేయి కూడా ఉండాలి. పెద్దవాళ్లు పేర్చి ఫొటో తీసిన బతుకమ్మ బిడ్డకు అంతగా నేర్పదు.

శరీర చలనం: వాకిలి తగ్గిపోతున్న చోట

నడక, పరుగు, ఎక్కడం, దూకడం వంటి పెద్ద కండరాల పనులు స్థూల చలన నైపుణ్యాలు. పట్టుకోవడం, తుంచడం, గుచ్చడం, గీయడం వంటివి సూక్ష్మ చలన నైపుణ్యాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఢిల్లీతో సహా అయిదు దేశాల్లో పిల్లలను గమనించి 2006లో చలన మైలురాళ్లను ప్రచురించింది. ఆసరా లేకుండా కూర్చోవడం సుమారు 4 నుంచి 9 నెలల మధ్య, ఒంటరిగా నడవడం సుమారు 8 నుంచి 17½ నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చునని తేలింది. నడక విషయంలో ఆ ఎడం దాదాపు తొమ్మిది నెలలు. పక్కింటి పాప పది నెలలకే నడిచిందని మీ ఇంటి పద్నాలుగు నెలల బాబును చూసి దిగులు పడనక్కరలేదు. ఇంకో విషయం, ఆ పిల్లల్లో సుమారు 4 శాతం మంది చేతులు, మోకాళ్ల మీద పాకకుండానే నడకకు వెళ్లిపోయారు.

అదే సంస్థ 2019లో అయిదేళ్లలోపు పిల్లలకు కొన్ని సూచనలు చేసింది. మూడు, నాలుగేళ్లవారికి రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాల శారీరక చలనం ఉండాలి. అందులో గంటసేపైనా ఆయాసం వచ్చే ఆట కావాలి. తెర ముందు కూర్చునే సమయం గంట దాటకూడదు. ఇప్పుడు కొంపల్లి, మేడ్చల్ దారిలోని అపార్టుమెంట్లను ఒకసారి ఊహించుకోండి. కింద పార్కింగు, పక్కన సర్వీసు రోడ్డు. ఒకప్పుడు ఈ ఊళ్లలో ప్రతి ఇంటి ముందూ ఉన్న వాకిలి అక్కడ లేదు. కూలీల రేకుల షెడ్ల దగ్గర ఖాళీ జాగా ఉంటుంది, దానిలో లారీలు తిరుగుతాయి. నా అభిప్రాయంలో, ఈ ప్రాంతపు పిల్లలకు వాచకం కొరత కన్నా వాకిలి కొరతే పెద్దది. అంగన్‌వాడీ ముందు ఇరవై అడుగుల చదును నేల ఉంటే, తొక్కుడు బిళ్లకు గళ్లు గీయడానికి సున్నం ముక్క చాలు. ఒంటికాలి మీద నిలదొక్కుకోవడం, ఆగడం, తిరగడం, తన వంతు కోసం కాచుకోవడం అన్నీ అందులో ఉన్నాయి.

ఈ పరుగులకూ రాతకూ సంబంధం ఉందా? ఉంది. సమీప దూరస్థ సూత్రాన్ని గుర్తు చేసుకోండి. నడుము, వెన్ను నిటారుగా నిలబడాలి, భుజం స్థిరంగా ఉండాలి, అప్పుడే మోచేయి, ఆ తరువాత మణికట్టు, చివరకు వేళ్లు స్వేచ్ఛగా కదులుతాయి. రాస్తూ రాస్తూ బల్ల మీదకు ఒరిగిపోయే పిల్లవాడిని బద్ధకస్తుడని తిట్టే ముందు, వాడు వేలాడటం, ఎక్కడం, గెంతడం ఎంత చేశాడో చూడండి.

ఎముకల సంగతి కూడా తెలుసుకోవాలి. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మృదులాస్థి రూపంలోనే ఉంటాయి. ఏడాదికి ఒకటి చొప్పున అన్నట్టు గట్టిపడుతూ వస్తాయి. మూడేళ్లకు దాదాపు మూడింటిలోనే ఎముక ఏర్పడటం మొదలవుతుంది. చివరిది తొమ్మిదేళ్లు దాటాక గాని కనిపించదు. ఎముకలు గట్టిపడేదాకా గీయకూడదని దీని అర్థం కాదు. పిల్లలు రెండేళ్ల లోపే గోడల మీద గీస్తారు, గీయనివ్వాలి. కానీ పుటల కొద్దీ ఒకే అక్షరాన్ని గీతల మధ్య ఇరికించి రాయించడానికి ఆ చేయి ఇంకా సిద్ధంగా లేదు.

చేతి నుంచి గీతకు

గీతలు ఒక వరుసలో వస్తాయి. రెండు, మూడేళ్ల మధ్య నిలువు గీత, అడ్డ గీత. మూడేళ్లకు అటూ ఇటూ గుండ్రం. నాలుగేళ్లకు కూడిక గుర్తు. నాలుగు, అయిదేళ్ల మధ్య చతురస్రం. త్రిభుజం అంతకన్నా ఆలస్యం. ఇప్పుడు తెలుగు ‘అ’ను ఒక్కసారి నెమ్మదిగా రాసి చూడండి. చేయి ఎన్నిసార్లు దిశ మార్చుకుందో లెక్కపెట్టండి. మన వర్ణమాల క్రమం ధ్వనులు నోట్లో పుట్టే స్థానాన్ని బట్టి ఏర్పడింది. కంఠం నుంచి పెదవుల దాకా వచ్చే ఆ అమరిక గొప్పదే. కాని అది చేతి సౌలభ్యాన్ని చూసి పెట్టిన వరుస కాదు. చేతికి తేలికైనవి ర, ట, గ, ప వంటివి. వినడానికి, పలకడానికి వర్ణమాల వరుస. రాయడానికి చేతి వరుస. ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే చాలామంది పిల్లలకు తొలి రోజు తొలి అక్షరమే కొండలా కనిపిస్తుంది.

అక్షరాభ్యాసం మాటేమిటని మీరు అడగవచ్చు. శామీర్‌పేట నుంచి రాజీవ్ రహదారి మీదుగా పోతే వర్గల్ సరస్వతీ ఆలయం వస్తుంది. బాసర వరకు వెళ్లలేనివారు అక్కడికి వెళతారు. పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డ వేలు పట్టి పెద్దవాళ్లు దిద్దిస్తారు. హైదరాబాదు ముస్లిం కుటుంబాల్లో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా వేడుక చేస్తారు. ఈ వేడుకలు బిడ్డను చదువుకు పరిచయం చేసే పండుగలు. మరునాటి నుంచి రోజుకు రెండు పుటలు రాయించమని ఏ పురోహితుడూ, ఏ మౌల్వీ చెప్పలేదు. పైగా బియ్యంలో వేలితో దిద్దడం ఆ వయసుకు సరిపోయిన పద్ధతి. మరియా మాంటిస్సోరి గరుకు కాగితపు అక్షరాలను వేలితో తడిమించింది. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. బియ్యపు పళ్లేన్ని వేడుక రోజుకే పరిమితం చేయకుండా, ఇసుక పళ్లెంగా మార్చి రోజూ వాడుకోండి.

చేతికి బలమిచ్చే పనులు ఇంట్లోనే ఉన్నాయి. తోటకూర తుంచడం, చిక్కుడు కాయలు ఒలవడం, చపాతీ పిండి పిసకడం, బంతిపూలు దారానికి గుచ్చడం, తడిగుడ్డ పిండడం, వాకిట్లో ముగ్గుపిండిని రెండు వేళ్ల మధ్య పట్టి వదలడం. ముగ్గు వేసే పట్టును ఒకసారి పరిశీలించండి. బొటనవేలు, చూపుడువేలు, దానికి ఊతంగా మధ్యవేలు. కలం పట్టూ అదే. మూడేళ్లలోపు పిల్లల దగ్గర గింజలు, పూసలు ఉంచవద్దు, గొంతులో అడ్డుపడతాయి.

పలక, బలపం గురించి ఒక మాట. పాతకాలపువని చాలామంది తీసేశారు. నా ఉద్దేశంలో నోటుపుస్తకం కన్నా పలకే మేలు. పెద్ద అక్షరాలు రాయవచ్చు, తప్పు చేత్తో తుడిచేస్తే పోతుంది, గీసేటప్పుడు తగిలే గరుకు వేలికి తెలుస్తుంది, పొట్టి బలపం ముక్క సహజంగానే మూడు వేళ్ల పట్టుకు అలవాటు చేస్తుంది. బలపం తినే పిల్లలుంటే దండించకుండా ఆరోగ్య కేంద్రానికి పంపండి. మట్టి, బలపం తినే అలవాటు వెనుక రక్తహీనత ఉండవచ్చు. రక్తం తక్కువగా ఉన్న బిడ్డ ఆటలోనూ, వినడంలోనూ త్వరగా అలసిపోతుంది.

చెవి నుంచి అక్షరానికి

ఇప్పుడు పాఠంలో కష్టమైన భాగానికి వచ్చాం. నెమ్మదిగా చదవండి.

చదవడం కంటితో మొదలవుతుందని అందరూ అనుకుంటారు. మొదలయ్యేది చెవితో. మాటలను చిన్న ముక్కలుగా విని, విడదీసి, కలపగలగడాన్ని ధ్వని స్పృహ అంటారు. చప్పట్లు కొడుతూ ‘క–మ–ల’ అని మూడు ముక్కలు చేయడం, ‘పలక’లో ‘ప’ తీసేస్తే ఏం మిగిలిందని అడగడం, ‘చెట్టు, గట్టు, పట్టు’ ఒకేలా వినిపిస్తున్నాయని నవ్వుకోవడం దీనికి గుర్తులు. నాలుగేళ్ల పిల్లలు పుస్తకం లేకుండానే ఇవి చేయగలరు.

ఇప్పుడు ‘అమ్మ’ను చప్పట్లతో విడదీయమనండి. పిల్లలు ‘అమ్–మ’ అని రెండు చప్పట్లు కొడతారు. రాతలో మాత్రం అది ‘అ–మ్మ’. మొదటి చప్పట్లో వినిపించిన ‘మ్’ రాసేటప్పుడు రెండో అక్షరంలోకి వెళ్లిపోయింది. ‘మేడ్చల్’ను చూడండి. చెవికి ‘మేడ్–చల్’ అని రెండే ముక్కలు. రాతలో ‘మే–డ్చ–ల్’ అని మూడు. పలుకుబడిలోని విరుపు ఒకచోట, రాతలోని విరుపు మరోచోట ఉంది. ఒత్తులు కష్టం కావడానికి అసలు కారణం ఇదే. దానికి తోడు క, త, న, మ, య, ర, ల ఒత్తుల రూపాలకు ఆ అక్షరాల రూపాలతో పోలిక ఉండదు.

ఇంకో విచిత్రం కూడా ఉంది. బిడ్డ నోట తొలిగా వచ్చే మాటలు ఏవి? అమ్మ, అక్క, అన్న, అవ్వ, బువ్వ, కుక్క, పిల్లి. అన్నీ ద్విత్వాక్షరాలే. వాచకం మాత్రం సరళ పదాలతో మొదలై, గుణింతాలు దాటి, చిట్టచివర ద్విత్వాలకు వస్తుంది. అంటే బిడ్డకు అతి దగ్గరి మాటలు పుస్తకంలో అతి దూరాన ఉంటాయి. అందుకని ఒత్తులు నేర్పే దాకా ఆగకుండా, ‘అమ్మ’ను, బిడ్డ సొంత పేరును మొత్తం బొమ్మలా చూసి గుర్తుపట్టనివ్వండి. చెప్పుల గూటి మీద, పళ్లెం మీద పేరు చీటీ అంటించండి. విడదీసి చదవడం తరువాత వస్తుంది.

అక్షరాల లెక్క కూడా తల్లిదండ్రులకు చెప్పాల్సిన విషయమే. ఇంగ్లిషుకు 26 అక్షరాలు. చిన్నవి, పెద్దవి కలిపినా 52 రూపాలు. తెలుగులో 35 హల్లులు, ఒక్కొక్కదానికి పన్నెండు గుణింత రూపాలు అనుకున్నా 420. ఒత్తులు దీనికి అదనం. ‘కు’లో కొమ్ము ఒకలా, ‘పు’లో మరోలా ఉంటుంది. ప, వ, ష, స ఒకదానిలో ఒకటి దాక్కుంటాయి. మన లిపికి తోబుట్టువు వంటి కన్నడ లిపి నేర్చుకునే పిల్లలపై సొనాలీ నాగ్ చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. అక్షరాలన్నీ పట్టుబడటం తొలి తరగతులతో ముగియదని, నాలుగో తరగతి వైపు కూడా సాగుతూనే ఉంటుందని, విడివిడి వర్ణాలను వినిపించుకునే శక్తి ఇంకా నెమ్మదిగా వస్తుందని ఆమె చూపారు. తెలుగు నేర్చుకునే బిడ్డకూ ఇంచుమించు అంతే సమయం పడుతుందని అనుకోవచ్చు. ‘ఏబీసీడీ మూడు నెలల్లో వచ్చింది, తెలుగు రెండేళ్లయినా రాలేదు’ అనే పోలిక అసలే చెల్లదు. దీనికి ఒక మంచి వైపు కూడా ఉంది. తెలుగు లిపి ఒకసారి పట్టుబడితే ఎన్నడూ చూడని మాటనైనా కూడి చదవవచ్చు. ఇంగ్లిషులో అక్షరాలు త్వరగా వచ్చినా వర్ణక్రమం దగ్గర ఏళ్లు గడుస్తాయి.

ఇంటి భాష

2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటో తరగతి నుంచే ఇంగ్లిషు మాధ్యమం వచ్చింది. పుస్తకాల్లో ఒక పుట ఇంగ్లిషు, ఎదురు పుట తెలుగు. కాబట్టి తెలుగు ముందా, ఇంగ్లిషు ముందా అన్న వాదనలోకి ఇక్కడ పోవడం లేదు. ఏ భాషలో చదవాలన్నా ముందుగా ఒక భాష నోటి నిండా ఉండాలి. నాలుగేళ్ల పాపకు కథ చెప్పడం, ఎందుకని అడగడం, నిన్న జరిగింది చెప్పడం వచ్చా? ఇవి ఇంటి భాషలోనే ముందు వస్తాయి. ఆ ఇంటి భాష లంబాడీ కావచ్చు, ఉర్దూ, హిందీ, ఒడియా కావచ్చు. తెలుగే అయినా పుస్తకపు తెలుగు కాకపోవచ్చు. పాప ‘ఆలుగడ్డ’ అంటే ‘బంగాళాదుంప అనాలి’ అని సరిదిద్దవద్దు. “ఆలుగడ్డనే, దీన్ని బంగాళాదుంప అని కూడ అంటరు” అంటే ఆమెకు రెండు మాటలు వస్తాయి. సరిదిద్దితే ఉన్న ఒక్కటీ నోట్లో ఆగిపోతుంది. ఒడియా కూలీ బిడ్డకు మొదటి నెల మాట రాదు. వింటూ ఉంటుంది. దానిని మందబుద్ధిగా రాసుకోకండి.

రోజుకు ఒక కథ చదివి వినిపించండి. చదివేటప్పుడు వేలు వాక్యం కింద ఎడమ నుంచి కుడికి జరపండి. మధ్యలో ఆగి, “ఇప్పుడేమైతది?” అని అడగండి. సికింద్రాబాదులోని మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్టు బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదవవచ్చు. పుస్తకమే లేని రోజున బాలామృతం ప్యాకెట్టు, బస్సు బోర్డు, దుకాణం పేరు చాలు. ఆ గీతలకు అర్థముందని బిడ్డకు తెలియడమే ముద్రణ స్పృహ.

తల్లికి చూపించవలసింది

జవాబు చెబితే సరిపోదు, ఆ తల్లికి కంటికి కనిపించేది కావాలి. ప్రతి బిడ్డకు ఒక అట్ట సంచి పెట్టి, నెలకు రెండు బొమ్మలు తేదీ వేసి దాచండి. జూన్‌లో పిచ్చిగీతలు, సెప్టెంబరులో మూసిన గుండ్రం, డిసెంబరులో తల నుంచే కాళ్లు వేలాడే మనిషి, మార్చిలో పొట్ట, చేతులు, అయిదు వేళ్లు ఉన్న అమ్మ. బిడ్డ ఆ బొమ్మ గురించి చెప్పిన మాటలను కింద మీరు రాసిపెట్టండి. అన్ని బొమ్మలూ వరుసగా పరిచి చూపినప్పుడు, “రాపిస్తలేరేంది” అన్న తల్లికి కాపీ పుస్తకంలో కనిపించనిది ఇక్కడ కనిపిస్తుంది.

ఆగి చూడవలసిన గుర్తులు

తొందర వద్దన్నామని అన్నింటికీ ఎదురుచూడకూడదు. 18 నెలలకు నడక రాకపోవడం, ఒక్క మాటైనా రాకపోవడం, రెండేళ్లకు ‘అమ్మ దా’ వంటి రెండు మాటల కూర్పు లేకపోవడం, పిలిస్తే తిరిగి చూడకపోవడం, వచ్చిన మాటలు పోవడం, ఒక చేయి మాత్రమే వాడటం. వీటిలో ఏది కనిపించినా మరునాడే కదలండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు వచ్చినప్పుడు చూపించండి. మేడ్చల్ దారి మొదట్లోనే, బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో, 1984లో నెలకొల్పిన జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ ఉంది. చిన్న వయసులోనే లోపాన్ని గుర్తించి సాయపడే సేవలు అక్కడ ఉన్నాయి. ‘వాళ్ల నాయినకు కూడ ఆలస్యంగనే మాటలొచ్చినయి’ అంటూ ఇంట్లో ఆపుతారు. వినికిడి పరీక్ష చేయించడానికి ఆ మాట అడ్డు కాకూడదు. చెవి వినకపోతే పై పుటల్లో చెప్పిన ధ్వని స్పృహకు దారే ఉండదు.

మీ అభ్యాసానికి

మీ వీధిలో మూడు నుంచి అయిదేళ్ల మధ్య ఉన్న ఒక బిడ్డను, తల్లిదండ్రుల అనుమతితో, వారం రోజులు రోజుకు ఇరవై నిమిషాలు గమనించండి. ఏ వస్తువును దేనికి బదులుగా వాడింది? బలపమో రంగు ముక్కో ఎలా పట్టుకుంది? తన పేరుకు ఎన్ని చప్పట్లు కొట్టింది, ఆ పేరు రాతలో ఎన్ని అక్షరాలు? బిడ్డ పేరు రాయకుండా, వయసు నెలల్లో వేసి, మీరు చూసినది మాత్రమే రాయండి. చూసి మీరు అనుకున్నది వేరే పుటలో రాయండి. ఆ తరువాత, పరిచయంలోని తల్లి ప్రశ్నకు ఆమె మాట్లాడే తెలుగులోనే పది వాక్యాల జవాబు రాసి, అధ్యయన కేంద్రంలో జరిగే తదుపరి సంపర్క తరగతికి తీసుకురండి.